దుర్గాబాయి దేశ్‌ముఖ్: టికెట్ లేదని నెహ్రూనే ఆపిన అమ్మాయి, సేవా సంస్థల లెక్కల గురించి మనకు ఏం నేర్పారు?

వినాయక చవితికి మీ అపార్ట్‌మెంట్‌లో చందా ఇచ్చే ఉంటారు. నిమజ్జనం అయ్యాక లెక్క వాట్సాప్ గ్రూపులో పెట్టారా? పెడితే మరుసటి ఏడాది అడగకుండానే ఇస్తారు. పెట్టకపోతే ఎవరూ నోరెత్తి అడగకపోవచ్చు, కానీ వచ్చే ఏడాది చందా పుస్తకంలో అంకెలు తగ్గిపోతాయి.

అనాథ పిల్లల హాస్టల్, ఉచిత కంటి ఆసుపత్రి, వృద్ధాశ్రమం, ప్రభుత్వ గ్రాంటుతో నడిచే బడి. వీటన్నింటి బతుకూ ఈ చందా పుస్తకం లాంటిదే. తేడా ఒక్కటే. ఇక్కడ లెక్క తప్పితే ఆగిపోయేది మైకు సెట్టు కాదు, పిల్లల అన్నం.

అందుకే ప్రభుత్వ శాఖలు, లాభాపేక్ష లేని సంస్థల ఆర్థిక నిర్వహణను ఇప్పుడు పీజీ స్థాయిలో ఒక ప్రత్యేక చదువుగా చెబుతున్నారు. డిగ్రీ అయిపోయి, ఎంబీఏనా ఎంకామా అని ఆలోచిస్తున్న చాలా మందికి ఇలాంటి దారి ఒకటుందని కూడా తెలియదు.

ఈ చదువు ఎందుకో సిలబస్ చూసి అర్థం చేసుకోవడం కష్టం. ఒక తెలుగు మహిళ జీవితం చూస్తే సులువుగా అర్థమవుతుంది. హైదరాబాద్ విద్యానగర్‌లో ఆమె పేరుతో ఆసుపత్రి ఉంది. దిల్లీలో ఆమె పేరుతో మెట్రో స్టేషన్ ఉంది. ఆమె దుర్గాబాయి దేశ్‌ముఖ్. చందా అడిగే చేయి, గ్రాంటు ఇచ్చే చేయి రెండూ తానే అయిన అరుదైన మనిషి.

5 వేల రూపాయల మూట

దుర్గాబాయి 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. మధ్య తరగతి కుటుంబం. ఎనిమిదో ఏటే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లిలో కొనసాగనని ఆమె చెప్పేశారు. తండ్రి, తమ్ముడు ఆమె పక్షాన నిలిచారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. పన్నెండేళ్లు నిండేలోపే ఇంగ్లిష్ మీడియం చదువు వద్దని బడి మానేసి, తాను నేర్చుకున్న హిందీని మిగతా ఆడపిల్లలకు నేర్పే పాఠశాల మొదలుపెట్టారు.

1921లో గాంధీ కాకినాడ వచ్చారు. దేవదాసీలు, పరదా చాటున ఉండే ముస్లిం మహిళలు ఆయన్ను కలవాలని దుర్గాబాయి కోరిక. నిర్వాహకులను అడిగితే 5 వేల రూపాయల నిధి సమకూరిస్తే కొద్ది నిమిషాలు ఇప్పిస్తామన్నారట. అప్పట్లో 5 వేలంటే మాటలు కాదు. ఆ మహిళలు కొద్ది రోజుల్లోనే పోగుచేశారు. గాంధీ వచ్చి అనుకున్నదానికంటే ఎక్కువసేపు ఉన్నారని, మహిళలు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారని, మొత్తం 25 వేల దాకా పోగయిందని దుర్గాబాయి తర్వాతి కాలంలో గుర్తు చేసుకున్నారు. తన చేతి గాజులూ ఆమె అందులోనే వేశారు.

ఈ కథను దేశభక్తి కథగానే చెబుతుంటారు. డబ్బు కోణం నుంచి ఒకసారి చూడండి. సమాజం వెలి వేసిన ఆడవాళ్లు, సొంత సంపాదన మీద కూడా పూర్తి హక్కు లేనివాళ్లు, పన్నెండేళ్ల పిల్ల మాట నమ్మి డబ్బు ఇచ్చారు. ఆ డబ్బు చెప్పిన చోటికే చేరింది. వాళ్ల కళ్ల ముందే చేరింది. విరాళాల సేకరణ గురించి ఏ తరగతిలోనైనా మొదట చెప్పే పాఠం ఇదే. ఎందుకు అడుగుతున్నామో ముందే చెప్పాలి. చెప్పిన దానికే వాడాలి. వాడినట్టు ఇచ్చినవాళ్లకు కనిపించాలి.

నెహ్రూకు టికెట్ ఎందుకు అడిగారు?

రెండేళ్లకు, 1923లో, కాంగ్రెస్ మహాసభలు కాకినాడలోనే జరిగాయి. అక్కడ ఖాదీ ప్రదర్శన పెట్టారు. ద్వారం దగ్గర వాలంటీరుగా పద్నాలుగేళ్ల దుర్గాబాయి నిలబడ్డారు. టికెట్ లేనివాళ్లను పంపొద్దన్నది ఆమెకు ఇచ్చిన పని.

జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. టికెట్ లేదు. ఆమె ఆపేశారు. నిర్వాహకులు కంగారుపడి ఆమెను కోప్పడ్డారు. మీరు చెప్పిన పనే చేశానని ఆమె వాళ్లకు సమాధానమిచ్చారు. చివరికి నెహ్రూకు టికెట్ కొన్నాకే లోపలికి పంపారు. ఆమె పట్టుదలను నెహ్రూ మెచ్చుకున్నారు.

తెలుగు పిల్లలకు ఈ కథ ధైర్యానికి ఉదాహరణగా తెలుసు. ఆడిట్ భాషలో దీనికి ఇంకో పేరుంది: అంతర్గత నియంత్రణ. అంటే డబ్బు చేతులు మారే ప్రతి చోటా ఒక నియమం ఉండాలి, ఆ నియమానికి మనిషిని బట్టి మినహాయింపు ఉండకూడదు. పెద్దమనిషి కదా అని ఒకరిని వదిలేస్తే ఆ రోజు అమ్మిన టికెట్లకూ గల్లాపెట్టెలో డబ్బుకూ పొంతన కుదరదు. ఒకసారి పొంతన తప్పితే తర్వాత నిజంగా దొంగతనం జరిగినా పట్టుకునే దారి ఉండదు. చాలా సంస్థల్లో అక్రమాలు ఇలాంటి మర్యాద మినహాయింపులతోనే మొదలవుతాయి.

జైలు తర్వాత డిగ్రీ

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో ఆమె ముందు నిలిచారు. 1930-33 మధ్య పలుమార్లు జైలుకు వెళ్లారు. మదురై జైలులో ఒంటరి గదిలో ఉంచారు. తమ మీద పెట్టిన కేసు ఏమిటో కూడా తెలియని పేద మహిళా ఖైదీలను అక్కడ దగ్గర నుంచి చూశారు. మంచి మనసు ఒక్కటే చాలదని, చదువు కావాలని ఆమెకు అక్కడే గట్టిగా అనిపించింది.

బయటికొచ్చాక రాజకీయాలు పక్కనపెట్టి పుస్తకాలు పట్టారు. బడి మానేసిన మనిషి కాబట్టి బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా చదివారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం. అక్కడ ఆడపిల్లలకు హాస్టల్ లేదు, సీటు ఇవ్వడం కుదరదన్న పరిస్థితి. ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చి, చదవాలనుకునే అమ్మాయిలను కూడగట్టి, వాళ్లే హాస్టల్ నడుపుకొనేలా ఏర్పాటు చేశారు. ఆ తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి 1942లో లా పట్టా తీసుకుని న్యాయవాదిగా పనిచేశారు.

చూడండి, ఇక్కడ కూడా అడ్డం వచ్చింది డబ్బు లెక్కే. హాస్టల్ లేకపోవడం అంటే బడ్జెట్‌లో ఆ పద్దు లేకపోవడం. ఎంత మంది వస్తే ఎంత ఖర్చవుతుందో తేల్చి, దాన్ని ఎవరు ఎలా భరించాలో చెప్పగలిగితే మూసుకున్న తలుపు తెరుచుకుంటుంది. కోరికను పద్దుగా మార్చగలగడమే బడ్జెట్ రాయడం.

నెల నెలా జీతాలు: ఆంధ్ర మహిళా సభ

1937లో మద్రాసులో ఆమె ఆంధ్ర మహిళా సభను మొదలుపెట్టారు. తనలాగే చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్లకు మెట్రిక్ పాఠాలు చెప్పడంతో మొదలైంది. తర్వాత చేతిపనుల శిక్షణ, హాస్టల్, ఆసుపత్రి, నర్సుల శిక్షణ, బడులు, కాలేజీలు. మద్రాసు నుంచి హైదరాబాద్‌కూ విస్తరించింది. హైదరాబాద్‌లో ఓయూ వైపు వెళ్లేవాళ్లకు ఆ ప్రాంగణం బాగా తెలుసు.

ఒక్కసారి చందా వసూలు చేయడం వేరు, సంస్థ నడపడం వేరు. విరాళం వర్షంలా వస్తుంది, ఎప్పుడొస్తుందో తెలియదు. జీతాలు, బియ్యం, కరెంటు బిల్లు మాత్రం ప్రతి నెలా ఒకటో తారీఖుకు తలుపు తడతాయి. ఎంత పెద్ద దాత అయినా భవనానికి ఇచ్చినంత సంతోషంగా గుమస్తా జీతానికి ఇవ్వడు. శిలాఫలకం మీద పేరు రాయించుకోవడానికి గోడ కావాలి కదా!

ఈ చిక్కు ఈ రోజుకీ మారలేదు. పీజీ తరగతుల్లో ‘ఫండ్ అకౌంటింగ్’ పేరుతో నేర్పేది ఈ చిక్కును ఎలా సంభాళించాలో. ఉదాహరణకు ఒక హాస్టల్‌కు 10 లక్షలు వచ్చాయనుకుందాం. అందులో 7 లక్షలు కొత్త గదులకు, 3 లక్షలు భోజనాలకు. బ్యాంకులో చూస్తే 10 లక్షలు కనిపిస్తాయి. భోజనాల డబ్బు అయిపోయింది, గదుల పని ఇంకా మొదలు కాలేదు. గదుల డబ్బుతో బియ్యం కొంటే తప్పేముంది, పిల్లల కోసమే కదా అనిపిస్తుంది. కానీ అది తప్పు. ఇచ్చినవాళ్లు దేనికిచ్చారో దానికే వాడాలి. ప్రైవేటు కంపెనీలో లాభం ఎంత అన్నది ప్రశ్న. ఇక్కడ ఏ రూపాయి ఎవరి షరతు మీద వచ్చింది అన్నది ప్రశ్న. కామర్స్ డిగ్రీ ఉన్నవాళ్లు కూడా మొదట తడబడేది ఇక్కడే.

4 కోట్లు ఎలా పంచాలి?

1946లో ఆమె మద్రాసు నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. సభాధ్యక్షుల ప్యానెల్‌లో ఉన్న ఒకే ఒక్క మహిళ ఆమె. 1952 ఎన్నికల్లో ఓడిపోయారు. ఆ తర్వాత నెహ్రూ ఆమెను ప్రణాళికా సంఘంలోకి తీసుకున్నారు. సాంఘిక సంక్షేమం ఆమె పద్దు.

ఇప్పటిదాకా చేయి చాచినవైపు ఉన్న మనిషి ఇప్పుడు బల్లకు అవతలివైపు కూర్చున్నారు.

మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థలకు సాయంగా 4 కోట్ల రూపాయలు కేటాయించారు. మొత్తం ప్రణాళిక 2,069 కోట్లు. అంటే వెయ్యి రూపాయల్లో రెండు రూపాయలు కూడా కాదు. మొత్తం చిన్నదే, దాన్ని ఎలా పంచాలన్నది మాత్రం పెద్ద ప్రశ్న.

ప్రభుత్వ శాఖ ద్వారా పంచితే నియమాలు బిగుసుకుంటాయి. మారుమూల ఊళ్లో పది మంది అనాథలను సాకే సంస్థకు దిల్లీ ఫారాలు నింపడం ఎలా తెలుస్తుంది? పోనీ నియమాలే లేకుండా పంచితే తెలిసినవాళ్లకు, పలుకుబడి ఉన్నవాళ్లకు పోతుంది. రెండింటి మధ్య దారి కావాలి.

దానికి జవాబుగా 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పాటైంది. తొలి అధ్యక్షురాలు దుర్గాబాయి. డబ్బు ప్రభుత్వానిది, కానీ నిర్ణయించే బల్ల దగ్గర సంఘ సేవకులు, అధికారులు కలిసి కూర్చుంటారు. మరుసటి ఏడాది నుంచి రాష్ట్రాల్లోనూ ఇలాంటి బోర్డులు వచ్చాయి. కొత్త సంస్థలను సృష్టించడం కంటే అప్పటికే పనిచేస్తున్న వాటిని బలపరచడం, విస్తరించడం మీద దృష్టి పెట్టారు.

1958లో బోర్డు పెద్దవయసు మహిళలకు సంక్షిప్త కోర్సులు మొదలుపెట్టింది. చదువు మధ్యలో ఆపేసినవాళ్లను తక్కువ కాలంలో పరీక్షలకు సిద్ధం చేసి ఉపాధ్యాయినులు, నర్సులు, గ్రామ సేవికలుగా తయారు చేయడం లక్ష్యం. ఇరవై ఏళ్ల కిందట మద్రాసులో చందాలతో నడిపిన తరగతే ఇప్పుడు దేశవ్యాప్త పథకంగా మారింది. అదే ఏడాది జాతీయ మహిళా విద్యా కమిటీకి కూడా ఆమె నాయకత్వం వహించారు.

ఇంట్లో ఆర్థిక మంత్రి.. మరి అనుమానం రాదా?

1953 జనవరిలో ఆమె చింతామన్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆయన అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి, అంతకుముందు రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నర్. ఏడు నెలలకు ఆమె గ్రాంట్లు ఇచ్చే బోర్డుకు అధ్యక్షురాలయ్యారు.

మీకో సందేహం వచ్చి ఉండాలి. భర్త ఖజానా చూస్తారు, భార్య అందులోంచి వచ్చిన డబ్బు పంచుతారు. ఇది సరైనదేనా? పైగా ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ కూడా స్వచ్ఛంద సంస్థే కదా?

సందేహం న్యాయమైనదే. దీన్నే ప్రయోజనాల వైరుధ్యం అంటారు. దుర్గాబాయి నిజాయితీపరురాలు అని చెప్పేసి దీన్ని దాటేయకూడదు. ప్రజాధనం విషయంలో మనిషి మంచితనం జవాబు కాదు, పద్ధతే జవాబు. తుది ప్రణాళిక 1952 డిసెంబరులో వచ్చింది, అంటే 4 కోట్ల కేటాయింపు వాళ్ల పెళ్లికి ముందే ఖరారైంది. ప్రభుత్వ ఖర్చుకు పార్లమెంటు ఆమోదం కావాలి. బోర్డు నిర్ణయాలు ఒక్కరివి కావు. ఖర్చయ్యాక ఆడిట్ ఉంటుంది. ఇన్ని మెట్లు ఎందుకు పెడతారంటే, అధికారంలో ఉన్న మనిషి మంచివాడో కాదో జనం ఊహించుకోవాల్సిన అవసరం లేకుండా ఉండటానికే. ఆ కుర్చీలో రేపు ఎవరు కూర్చున్నా డబ్బు అదే దారిలో వెళ్లాలి.

ఈ రోజు అయితే నియమం ఇంకా స్పష్టం. తనకు సంబంధమున్న సంస్థ దరఖాస్తు చర్చకు వస్తే సభ్యుడు ముందే చెప్పి పక్కకు తప్పుకోవాలి. ఆ సంగతి మినిట్స్‌లో రాయాలి. మీ అపార్ట్‌మెంట్ కమిటీలో పెయింటింగ్ కాంట్రాక్టు కార్యదర్శి బావమరిదికి ఇచ్చేటప్పుడు కూడా ఇదే వర్తిస్తుంది.

ఇప్పుడు ప్రభుత్వ గ్రాంటు ఎలా వస్తుంది?

బోర్డుల కాలం నుంచి ఆన్‌లైన్ కాలానికి వచ్చాం. పద్ధతి మాత్రం చాలావరకు అదే.

కేంద్రం నుంచి గ్రాంటు కోరే స్వచ్ఛంద సంస్థకు ముందు ఎన్జీఓ దర్పణ్ పోర్టల్‌లో నమోదు, గుర్తింపు సంఖ్య ఉండాలి. ఏ పథకం కింద, దేనికి, ఎంత అన్నది దరఖాస్తులో రాయాలి. మంజూరైతే డబ్బు సాధారణంగా విడతల్లో వస్తుంది.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన పత్రం వినియోగ ధ్రువపత్రం. అందరూ యూసీ అంటారు. ఫలానా పనికి ఇచ్చిన డబ్బు ఆ పనికే ఖర్చయిందని సంస్థ ఇచ్చే లిఖితపూర్వక హామీ ఇది. 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాల ప్రకారం, ఆర్థిక సంవత్సరం ముగిశాక 12 నెలల్లోపు దీన్ని ఇవ్వాలి. మిగిలిన డబ్బు తిరిగి కట్టాలి. గ్రాంటు డబ్బు బ్యాంకులో ఉన్నప్పుడు వచ్చిన వడ్డీ కూడా ప్రభుత్వానిదే. ఆ డబ్బుతో కొన్న ఆస్తిని అనుమతి లేకుండా అమ్మకూడదు.

యూసీ రాకపోతే తర్వాతి విడత ఆగిపోతుంది. చాలా చోట్ల మంచి సంస్థలు దెబ్బతినేది అవినీతి వల్ల కాదు, ఈ ఒక్క కాగితం వల్ల. ఖర్చు నిజంగానే పెడతారు, బిల్లులు మాత్రం దాచరు. కూరగాయల మార్కెట్‌లో రసీదు ఎవరిస్తారని ఊరుకుంటారు. ఏడాది చివర్లో ఆడిటర్ అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. చిత్తశుద్ధి ఉంది, సాక్ష్యం లేదు.

పెద్ద గ్రాంట్లు తీసుకునే సంస్థల లెక్కలను కాగ్ కూడా చూడొచ్చు. ఏడాదిలో వచ్చిన గ్రాంటు లేదా రుణం 25 లక్షలకు తగ్గకుండా, మొత్తం ఖర్చులో 75 శాతానికి తగ్గకుండా ఉంటే 1971 నాటి చట్టం కాగ్‌కు ఆ అధికారం ఇచ్చింది. ప్రభుత్వం నుంచి గణనీయంగా నిధులు పొందే స్వచ్ఛంద సంస్థలు సమాచార హక్కు చట్టం కిందకూ వస్తాయి. అంటే మీరూ అడగొచ్చు.

విదేశీ విరాళాలకు ఎఫ్‌సీఆర్‌ఏ నియమాలు వేరు. 2020 సవరణ తర్వాత ఆ డబ్బులో 20 శాతానికి మించి పాలనా ఖర్చులకు వాడకూడదు. కంపెనీల సీఎస్ఆర్ నిధులకు 2013 కంపెనీల చట్టం వర్తిస్తుంది. పరిమితి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు వెచ్చించాలి. ఒకే సంస్థకు ఈ మూడు దారుల్లోనూ డబ్బు వస్తే మూడు రకాల లెక్కలు. ఆ పని తెలిసిన మనుషులు కావాలి.

ఈ చదువులో ఏముంటుంది? ఎక్కడ చదవొచ్చు?

అమెరికా లాంటి దేశాల్లో మాస్టర్ ఆఫ్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో ఇదొక ప్రత్యేక విభాగం. పేర్లు వేరైనా సాధారణంగా కనిపించే పాఠాలు ఇవి:

- ప్రభుత్వ బడ్జెట్ ఎలా తయారవుతుంది, ఎలా ఖర్చవుతుంది
- ఫండ్ అకౌంటింగ్, లాభాపేక్ష లేని సంస్థల ఆర్థిక నివేదికలు చదవడం
- గ్రాంట్ల నిర్వహణ, కొనుగోళ్ల నియమాలు, టెండర్లు
- అంతర్గత నియంత్రణ, ఆడిట్
- ఒక పథకానికి తలకు ఎంత ఖర్చవుతోంది, ఫలితం ఏమిటి అని లెక్కించడం

మన దగ్గర ఇదే పేరుతో కోర్సు తక్కువ. దగ్గరి దారులు మాత్రం ఉన్నాయి. ఫరీదాబాద్‌లో అరుణ్ జైట్లీ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ కేంద్ర ఆర్థిక శాఖ పరిధిలో ఉంది. ప్రభుత్వ ఆర్థిక విధానాల పరిశోధనకు దిల్లీలోని ఎన్ఐపీఎఫ్‌పీకి పేరుంది. సహకార, గ్రామీణ సంస్థల నిర్వహణకు ఆనంద్‌లోని ఇర్మా, సామాజిక రంగానికి టిస్ తెలిసినవే.

హైదరాబాద్ విషయానికొస్తే ఉస్మానియా ప్రాంగణంలో 1964లో మొదలైన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఎంటర్‌ప్రైజ్, రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉన్నాయి. బెల్లావిస్టాలో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఉద్యోగంలో ఉన్న అధికారులకు శిక్షణ ఇస్తుంది. దుర్గాబాయి భర్త దేశ్‌ముఖ్ 1959 నుంచి చాలా ఏళ్లు ఆ కాలేజీ పాలక మండలికి అధ్యక్షుడు. యూజీసీ చైర్మన్‌గా, దిల్లీ విశ్వవిద్యాలయం వైస్ చాన్స్‌లర్‌గానూ పనిచేశారు.

దుర్గాబాయి 1962లో దిల్లీలో కౌన్సిల్ ఫర్ సోషల్ డెవలప్‌మెంట్‌కు పునాది వేశారు. సంక్షేమ పథకాలు నిజంగా పనిచేస్తున్నాయా అన్నది పరిశోధించే సంస్థ అది. హైదరాబాద్‌లోనూ దాని ప్రాంతీయ కేంద్రం ఉంది. డబ్బు సక్రమంగా ఖర్చు కావడం మొదటి ప్రశ్న. ఖర్చయ్యాక ఎవరి బతుకైనా మారిందా అన్నది రెండో ప్రశ్న. మొదటి దానికి యూసీ చాలు. రెండో దానికి పరిశోధన కావాలి. ఆమె రెండింటినీ వదల్లేదు.

కోర్సు ఎంచుకునే ముందు మూడు సంగతులు చూడండి. ఫండ్ అకౌంటింగ్, గ్రాంట్ల పాఠాలు సిలబస్‌లో ఉన్నాయా? ఏదైనా ప్రభుత్వ కార్యాలయంలోనో సేవా సంస్థలోనో ఇంటర్న్‌షిప్ ఉందా? అది డిగ్రీయా, డిప్లొమానా, ఎవరి గుర్తింపు ఉంది? ఫీజు, అర్హతలు ఏటా మారుతుంటాయి కాబట్టి సంస్థ అధికారిక ప్రకటనే చూడండి.

మీరు విరాళం ఇస్తున్నారా? ఇవి అడగండి

ఈ చదువు చదవకపోయినా, విరాళం ఇచ్చే ప్రతి ఒక్కరికీ ఇందులో కొంత పని ఉంది.

- సంస్థ నమోదు వివరాలు, తాజా ఆడిట్ నివేదిక చూపిస్తారా?
- మీరు చెప్పిన పనికే వాడతామని రసీదులో రాస్తారా?
- 80జీగా అందరికీ తెలిసిన పన్ను మినహాయింపు ఉందా? నగదుగా 2 వేల రూపాయలు దాటి ఇస్తే ఆ మినహాయింపు వర్తించదు. కాబట్టి యూపీఐ, చెక్కు మేలు.
- డబ్బు సంస్థ ఖాతాకే వెళ్తోందా, ఎవరిదైనా సొంత ఖాతాకా? సొంత ఖాతా అయితే ఆగండి.

ఇంకొకటి. పాలనా ఖర్చు అంటే దుబారా అనుకోకండి. లెక్కలు రాసే మనిషికి జీతం ఇవ్వని సంస్థలో లెక్కలు ఉండవు. ప్రతి రూపాయీ నేరుగా పేదలకే వెళ్లాలని పట్టుబట్టే దాత తెలియకుండానే ఆ సంస్థను యూసీ ఇవ్వలేని స్థితికి నెడతాడు.

ఆమె వదిలి వెళ్లింది ఏమిటి?

1975లో దుర్గాబాయికి, దేశ్‌ముఖ్‌కు ఇద్దరికీ పద్మవిభూషణ్ వచ్చింది. 1980లో ఆమె తమ ఇద్దరి జీవితం గురించి ‘చింతామన్ అండ్ ఐ’ అనే పుస్తకం రాశారు. 1981 మే 9న కన్నుమూశారు. మరుసటి ఏడాది హైదరాబాద్‌లో దేశ్‌ముఖ్ వెళ్లిపోయారు. కుటుంబ తగాదాలకు ప్రత్యేక కోర్టులు కావాలని ఆమె ఎప్పటినుంచో అడిగేవారు. ఆ చట్టం ఆమె పోయిన మూడేళ్లకు, 1984లో వచ్చింది.

సంస్థలు పెట్టినవాళ్లు చాలా మంది ఉంటారు. పెట్టినవాళ్లు పోయాక కూడా అవి నడవడమే అరుదు. మంచి మనసు వారసత్వంగా రాదు. రిజిస్టర్లు, రసీదులు, నియమావళి, ఆడిట్ మాత్రం వస్తాయి. వాటిని పట్టుకునే తర్వాతి మనిషి బండి లాగుతాడు.

వచ్చే వినాయక చవితికి మీ అపార్ట్‌మెంట్‌లో లెక్కలు రాసే బాధ్యత ఎవరూ తీసుకోకపోతే మీరు తీసుకోండి. నిమజ్జనం మరుసటి రోజే ఖర్చుల కాగితం, బిల్లుల ఫొటోలతో సహా గ్రూపులో పెట్టండి. కమిటీ అధ్యక్షుడి చందా బాకీ ఉంటే అది కూడా రాయండి. కాకినాడలో ద్వారం దగ్గర నిలబడిన పద్నాలుగేళ్ల అమ్మాయి చేసింది అంతకంటే పెద్ద పనేమీ కాదు.